స్పీకర్లో ఉన్నావని ఒక్క ముక్క చెప్తే పోయేదేముంది?

"నలుగురిలో ఉన్నప్పుడు ఫోన్ మర్యాదగా వాడటమంటే ఏమిటి? మీరు పాటించే పద్ధతులేంటి?" అని అడిగారు. ఈ ప్రశ్నకి ఎవరైనా చెప్పేది ఒకటే పాట. సైలెంట్‌లో పెట్టాలి, గొంతు తగ్గించాలి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. అన్నీ నిజమే. చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసీ ఎవరూ చెయ్యరు, అది వేరే సంగతి.

నాకు పట్టింపు ఉన్నది మరో చోట. ఈ పద్ధతులన్నీ పక్క సీటువాడి చెవుల కోసం తయారైనవే. పక్క సీటువాడికి పోయేదేముంది? చిరాకు పడతాడు, గుర్రుగా చూస్తాడు, మరీ భరించలేకపోతే లేచి వెళ్తాడు. లైనుకి అవతల ఉన్న మనిషి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. తన మాటలు ఎంతమంది చెవుల్లో పడుతున్నాయో ఆ మనిషికి తెలిసే దారే లేదు. లేచి వెళ్ళలేడు, గుర్రుగా చూడలేడు, కనీసం గొంతు తగ్గించుకోవాలని కూడా తట్టదు. ఒకసారి ఆ అవతలి మనిషిని నేనే అయ్యాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం, ఒక గురువారం, నా ఉద్యోగం పోయింది. మూడింటికి మీటింగ్ అన్నారు, మూడుంపావుకల్లా అయిపోయింది. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తీసుకుని ఒక కాగితం చేతిలో పెట్టారు. సెక్యూరిటీ అబ్బాయి లిఫ్టు దాకా వచ్చాడు. రోజూ నవ్వుతూ పలకరించే అబ్బాయే. ఆ రోజు ఏమీ అనలేదు, లిఫ్టు బటన్ మాత్రం తనే నొక్కాడు.

కిందకి దిగాక పార్కింగ్‌లో బండి మీద కూర్చుని చాలాసేపు ఒకటే ఆలోచించాను. ఎవరికి ముందు చెప్పాలి? వినడానికి నవ్వొస్తుంది గానీ, అలాంటప్పుడు మనిషికి మిగిలేది అదొక్కటే. జరిగింది మన చేతిలో లేదు. ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నది ఇంకా మన చేతిలోనే ఉంటుంది. నేనొక వరస వేసుకున్నాను. ముందు అన్నయ్యకి, ఎందుకంటే అన్నయ్య తిట్టడు, జాలిపడడు, లెక్కలు అడుగుతాడు. రాత్రి పాప పడుకున్నాక నా భార్యకి, పక్కన కూర్చుని. అమ్మకి మాత్రం ఇంకో ఉద్యోగం దొరికాకే, "అన్నట్టు అమ్మా, ఆ పాత ఆఫీసు మానేశాను" అన్నంత తేలిగ్గా.

అన్నయ్య రెండో రింగుకే ఎత్తాడు.

"చెప్పరా."

"అన్నయ్యా, నన్ను తీసేశారు."

అటునుంచి మాట లేదు. బాధపడుతున్నాడనుకున్నాను. ఆ మౌనం ధైర్యమిచ్చినట్టనిపించి ఇంకా చెప్పుకుంటూ పోయాను. చేతిలో ఎన్ని నెలలకి సరిపడా ఉందో చెప్పాను. ఇంటి లోను వాయిదా ఎంతో చెప్పాను. మా మేనేజర్ గురించి నాలుగు మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. మధ్యలో ఒకసారి గొంతు జీరబోతే దగ్గి సర్దుకున్నాను. చివర్లో, "తనకింకా చెప్పలేదు, రాత్రికి చెప్తాను. అమ్మకి మాత్రం పొరపాటున కూడా చెప్పకు. అసలే బీపీ మనిషి, నెల్లాళ్ళు నిద్రపోదు" అన్నాను.

అప్పుడు వినిపించింది, టిక్కు టిక్కుమంటూ కారు ఇండికేటర్ చప్పుడు. ఆ వెనకే ఒక గొంతు.

"ఎప్పుడు తీసేశారురా?"

అమ్మ.

కారులో మొత్తం ఆరుగురున్నారు. అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలిద్దరు, అమ్మ, వదిన వాళ్ళ పిన్ని. ఆ పిన్నిగారిని నేను అప్పటికి రెండే రెండుసార్లు చూశాను. ఫోన్ కారు బ్లూటూత్‌కి కలిసి ఉంది. నా ఉద్యోగం, నా లోను, నా గొంతు జీర, మేనేజర్‌కి నేను చదివిన దండకం, అన్నీ నాలుగు తలుపుల స్పీకర్లలోంచి మంచి బేస్‌తో వినిపించాయట. ఈ బేస్ సంగతి తర్వాత మా అన్నయ్య కొడుకు చెప్పాడు. వాడికప్పుడు పదకొండేళ్ళు. దండకంలో ఒక మాట వాడికి కొత్తదట. అర్థం ఏంటని అక్కడే వాళ్ళమ్మని అడిగాడట.

నాకు నోరు పెగల్లేదు. ఆ ఖాళీలోకి పిన్నిగారు వచ్చారు. "ఏం పర్లేదు బాబూ, మా అల్లుడికీ ఇలాగే అయింది, ఇప్పుడు అంతకంటే మంచిదాంట్లో ఉన్నాడు" అన్నారు. మంచి మనిషి. పార్కింగ్‌లో ఒంటరిగా నిలబడి, నాకు పెద్దగా పరిచయం లేని ఆవిడకి "థాంక్సండీ" అన్నాను. అంత ఇబ్బందిపడుతూ ఎవరికీ థాంక్స్ చెప్పి ఎరగను.

అక్కడితో ఆగినా బాగుండేది. మామూలుగా ఏడింటికి ఇల్లు చేరతాను. ఆ రోజు ధైర్యం చాలక తొమ్మిది దాకా బండి మీద తిరిగాను. ఈపాటికి చెప్పేసి ఉంటాడులే అనుకుని వదిన ఎనిమిదింటికి నా భార్యకి ఫోన్ చేసింది. పాపం మంచి మనసుతోనే. "నువ్వేం కంగారుపడకు, మేమందరం ఉన్నాం" అంది. "దేనికక్కా కంగారు?" అని తను అడిగింది.

నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. పాప పడుకుంది. నా భార్య టీవీ కూడా పెట్టుకోకుండా కుర్చీలో కూర్చుని ఉంది. "అక్క ఫోన్ చేసింది" అంది. ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని అలాగే నిలబడిపోయాను. ఆ రాత్రి మేం ఉద్యోగం గురించి పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. "ఆ పిన్నిగారికి కూడా నాకంటే ముందు తెలిసింది" అన్న దాని దగ్గరే తెల్లారింది. ఉద్యోగం నాలుగు నెలలకి దొరికింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ మధ్యమధ్యలో వస్తూనే ఉంటుంది.

గమనించండి, ఈ కథలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎవరి ఫోనూ సభలో మోగలేదు. పద్ధతుల పట్టిక ముందేసుకుని చూస్తే అందరికీ నూటికి నూరు మార్కులు వెయ్యాలి. పైగా బండి నడిపేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోకూడదు కాబట్టి అన్నయ్యకి ఇంకో ఐదు మార్కులు అదనం. పోయిందల్లా నేను వేసుకున్న వరస. దాన్ని ఒక్క బటన్ తినేసింది.

అన్నయ్యని ఇప్పటికీ అడిగితే, "నువ్వు ఊపిరి తీసుకోనిచ్చావా? మలుపు తిప్పుతూ స్టీరింగ్ మీద బటన్ వెతుక్కుంటున్నాను" అంటాడు. ఇందులో సగం నిజముంది, ఒప్పుకుంటాను. ఫోన్ ఎత్తగానే మాట్లాడొచ్చా అని నేనూ అడగలేదు. కానీ "చెప్పరా" అనే చోట "కార్లో అందరం ఉన్నాంరా, చెప్పు" అంటే ఎంత సేపు పడుతుంది? నేను వాచీ పెట్టుకుని చూశాను. రెండు సెకన్లు.

అప్పట్నుంచి నేను ఎవరికి ఫోన్ చేసినా ముందు "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టాను. దీనివల్ల వచ్చే తంటా ఏంటంటే అవతలివాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. ఒకసారి ఒక ఫ్రెండ్‌ని ఇలాగే అడిగాను. "ఒక్క నిమిషం" అన్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు. తర్వాత ఆయాసపడుతూ, "ఆఁ, ఇప్పుడు చెప్పు, ఏమైంది?" అన్నాడు. నాకు కావలసింది వాళ్ళింట్లో ఉన్న నిచ్చెన. ఇప్పుడు కొంచెం మార్చుకుని "తీరిగ్గా ఉన్నావా?" అంటున్నాను. పని జరుగుతోంది.

బ్లూటూత్‌తో ఇంకో బాధ కూడా ఉంది. మీరు కారు పక్కన నిలబడి ఎవరితోనో ఆంతరంగికంగా మాట్లాడుతుంటారు. లోపల కూర్చున్నవాళ్ళు ఏసీ కోసం ఇంజన్ స్టార్ట్ చేస్తారు. అంతే, మీ చెవి దగ్గర మాట మాయమై కారులో ప్రత్యక్షమవుతుంది. ఇలా చెయ్యాలని ఎవరికి తట్టిందో గానీ, వాళ్ళకి ఇంట్లో రహస్యాలేమీ లేవనుకుంటాను.

సరే, పక్క సీటువాడి సంగతీ కాస్త చూద్దాం, లేకపోతే ప్రశ్నకి జవాబే చెప్పలేదంటారు. పక్కనున్న ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే పట్టని మనకి, ఒకడు ఫోన్లో మాట్లాడుతుంటే ఎందుకంత చిరాకు? దీని మీద 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం చేసి ప్రచురించారు. శ్రద్ధగా చెయ్యాల్సిన పని ఒకటి మనుషులకిచ్చి, పక్కన మాటలు వినిపించారు. ఇద్దరి మాటలూ పూర్తిగా వినిపించినప్పుడు పని బాగానే చేశారు. ఒకవైపు మాటలే వినిపించినప్పుడు తప్పులు పెరిగాయి. ఆ సగం సంభాషణకి "హాఫలాగ్" అని పేరు కూడా పెట్టారు. తర్వాతి మాట ఏం రాబోతోందో మెదడు ఊహించాలని చూస్తుంది, సగం మాటలతో ఊహ కుదరదు, అందుకే చెవి అటే లాగుతుంది. అంటే రైల్లో "అవునా? అయ్యో! మరి వాడేమన్నాడు?" అనే మనిషి మన పుస్తకాన్ని లాక్కున్నట్టే లెక్క.

కొందరు దీన్ని పట్టుకుని, "అయితే స్పీకర్లో పెడితే రెండు వైపులా వినిపిస్తుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదుగా" అని తెలివితేటలు చూపిస్తారు. ఆ అవతలి గొంతు ఒప్పుకుందా మరి?

అరుపుల సంగతికి వస్తే నాకు జనం మీద అంత కోపం లేదు. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకి తెలీకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 1911లోనే రాసిపెట్టాడు. దాన్నిప్పుడు లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. దానికి తోడు పాత ల్యాండ్‌లైన్ రిసీవర్లో మన గొంతు మన చెవికే కొద్దిగా వినిపించేలా ఏర్పాటుండేది, సైడ్‌టోన్ అంటారు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో దానివల్ల తెలిసేది. మొబైల్లో నాకైతే అది ఉన్నట్టే అనిపించదు. కాబట్టి అరిచేవాడికి తను అరుస్తున్నట్టు తెలీదు. చెయ్యి ఊపి కాస్త తగ్గించమని సైగ చేస్తే చాలామంది తగ్గిస్తారు. నేను చేస్తూనే ఉంటాను, ఇంతవరకూ దెబ్బలు తినలేదు.

అసలు మొబైల్ పుట్టుకే అలాంటిది. 1973 ఏప్రిల్ 3న మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్క్ నడివీధిలో నిలబడి, చేత్తో పట్టుకునే మొబైల్ నుంచి మొదటి కాల్ చేశాడు. ఆ ఫోన్ కిలో పైన బరువుండేది. ఎవరికి చేశాడో తెలుసా? బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ఇదే పని మీద ఉన్న పోటీదారు జోయల్ ఎంగెల్‌కి. మేం ముందు చేసేశామని చెప్పడానికి. అంటే ప్రపంచంలో చేతి మొబైల్ నుంచి వెళ్ళిన మొట్టమొదటి కాలే నలుగురు నడిచే చోట, గొప్పలు చెప్పుకోవడానికి చేసిన కాల్. యాభై ఏళ్ళు దాటింది, మనం సంప్రదాయం తప్పలేదు.

సైలెంట్ గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే సైలెంట్‌లో పెట్టాం కదా అని గుండె మీద చెయ్యేసుకుని కూర్చునేవాళ్ళు చాలామంది. న్యూయార్క్ నగరంలో నాటకాలు, సినిమాలు, కచేరీలు జరిగే హాళ్ళలో ఫోన్ మోగితే జరిమానా వేసేలా 2003లోనే చట్టం తెచ్చారు. అదే ఊళ్ళో 2012 జనవరి 10న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే వాద్యబృందం కచేరీ చివరికొచ్చి, వాద్యాలన్నీ సన్నగా వినిపిస్తున్న సమయంలో, ముందు వరసలో ఒక ఐఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగలేదు. సంగీత నిర్దేశకుడు అలన్ గిల్బర్ట్ కచేరీ ఆపేసి అది ఆగేదాకా నిలబడ్డాడు. మోగింది కాల్ కాదు, అలారం. ఆ పెద్దమనిషికి ఆ ఫోన్ ముందురోజే చేతికొచ్చింది. సైలెంట్‌లో పెట్టినా అలారం మోగుతుందని ఆయనకి తెలీదు. అందరూ తిట్టిపోశారు గానీ నాకు ఆయన మీద జాలే. అందుకే నేను సభకెళ్తే స్విచాఫే చేస్తాను. ప్రాణం పోదు.

ఇంక నాకు ఒళ్ళుమండే చిల్లర విషయాలు కొన్ని. చెప్పాపెట్టకుండా వీడియో కాల్ చేసేవాళ్ళు. "ఫోన్ చెయ్యి" అని ఒక్క ముక్క పెట్టి మాయమయ్యేవాళ్ళు, ఎందుకో రాస్తే ముత్యాలు రాలతాయా? ఎత్తకపోతే వరసపెట్టి ఆరుసార్లు కొట్టేవాళ్ళు. ఈ చివరివాళ్ళకి ఒక సంగతి తెలియాలి. డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా, అదే నంబరు వెంటనే రెండోసారి చేస్తే మోగనిచ్చే సెట్టింగ్ ఉంటుంది. ఐఫోన్లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్లో పదిహేను నిమిషాల్లోపు. అది నిజంగా ప్రాణం మీదకొచ్చినవాళ్ళ కోసం పెట్టిన దారి. "నెట్ పనిచేస్తోందా మీకు?" అని అడగడానికి వాడకండి.

ఫొటో చూడమని ఫోన్ ఇస్తే పక్క ఫొటోలకి జరిపేవాళ్ళ గురించి ఇప్పటికే లోకం బోలెడు మాట్లాడింది. ఎదురుగా మనిషినుంచుకుని ఫోన్ చూసుకోవడం గురించి కూడా. దానికి 2012లో ఆస్ట్రేలియాలో "ఫబ్బింగ్" అని మాటే పుట్టించారు. నిజం చెప్పాలంటే అది నేనూ చేస్తాను, నా ముందు చేసినా పెద్దగా పట్టించుకోను. మనిషి ఎదురుగానే ఉన్నాడుగా, "ఓయ్" అంటే సరిపోతుంది.

నేను పట్టించుకునేవి చూసేవాళ్ళకి మామూలుగా అనిపిస్తాయి. ఈ మధ్య ఒక డాక్టరు గది బయట కూర్చున్నాను. పక్కనావిడ చాలా మెల్లగా, ఎంతో మర్యాదగా ఫోన్లో మాట్లాడుతోంది. మాట్లాడుతున్నది వాళ్ళ చెల్లెలి రిపోర్టు గురించి. చెల్లెలి పేరు, వయసు, ఏ పరీక్షలో ఏం తేలింది, భర్తకి ఇంకా ఎందుకు చెప్పలేదు, అన్నీ అక్కడున్న ఎనిమిది మందికీ తెలిసిపోయాయి. ఎవరూ చిరాకుపడలేదు, ఇద్దరైతే జాలిపడ్డారు కూడా. నేను మాత్రం లేచి బయటకెళ్ళాను. ఆ చెల్లెలు కూడా ఒక వరస వేసుకునే ఉంటుందనిపించింది.

వాయిస్ మెసేజీలు పైకి వినేవాళ్ళదీ ఇదే కథ. పంపినవాడు మీ చెవికని పంపాడు, మీరు హాలంతా పంచారు. పంపినవాడిని అడక్కుండా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెట్టడం కూడా నా లెక్కలో స్పీకర్ ఆన్ చెయ్యడమే, చప్పుడు రాదు అంతే.

అలాగని స్పీకరే వాడొద్దనను. అమ్మకి ఇప్పుడు కుడి చెవి వినపడదు, ఎడమది అంతంతమాత్రం. ఫోన్ చెవికి ఆనిస్తే ఏమీ తెలీదు కాబట్టి ఎవరు చేసినా స్పీకర్లోనే మాట్లాడుతుంది. కాకపోతే ఆ కారు రోజు తర్వాత తనే ఒక అలవాటు చేసుకుంది. ఎత్తగానే ముందు హాజరు పట్టీ చదువుతుంది. "స్పీకర్లో ఉన్నావు. వదిన వంటింట్లో ఉంది, తలుపు వేసుంది. పనమ్మాయి వెళ్ళిపోయింది." పక్కింటావిడ వస్తే ఆవిడ పేరు కూడా చెప్తుంది, ఆవిడ ముందే.

మొన్న ఆదివారం మామూలుగా పలకరిద్దామని చేశాను. ఎత్తింది. "స్పీకర్లో ఉన్నావురా. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ బయటికెళ్ళారు" అని కాస్త ఆగి, "మళ్ళీ ఏమైనా పోయుంటే ఇప్పుడే చెప్పెయ్" అంది.